వీపు మీద వేలు

గువ్వకు ఏడేళ్ళు. మెదడు పొరలకు వాపు జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచి చీకట్లో నిలబడలేకపోతోంది. వినికిడి దక్కింది. కానీ మనిషిని నిలబెట్టే భాగం కూడా లోపలి చెవిలోనే ఉంటుంది, అది రెండు వైపులా పోయిందని పెద్ద డాక్టరుగారి అనుమానం. కాస్తయినా మిగిలి ఉంటే వ్యాయామంతో కోలుకుంటుందని, అవి చేయించే నా దగ్గరికి పంపారు.

నా పరీక్ష చిన్నది. మెత్తని స్పాంజి దిమ్మ మీద కళ్ళు మూసుకుని నిలబడాలి. పాదాలకు నేల సరిగా తెలియదు, కళ్ళకు గోడ కనబడదు, ఇక దిక్కు చెవే. మొదట్లో గువ్వ ఎక్కీ ఎక్కగానే కూలబడేది. పడితే పట్టుకోవడానికి వాళ్ళ మామ్మగారిని వెనకాల నిలబెట్టాను. వారాలు గడిచేకొద్దీ పిల్ల నిటారుగా నిలబడసాగింది. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వచ్చే ఏడు ఈత కూడా నేర్పిద్దామన్నాను.

ఈ రోజు కిందపడ్డ పెన్ను కోసం వంగితే కనబడింది. మామ్మగారి చూపుడువేలు పిల్ల వీపుకు ఆనీ ఆనకుండా ఉంది.

నాకు ఒళ్ళు మండింది. "ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"మొదట్నుంచీనమ్మా. నేనేం పట్టుకోలేదు. వెనకాల ఉన్నానని దానికి తెలియాలి కదా, ఊరికే ఆనించానంతే."

తన ఒళ్ళు ఎటు వాలుతోందో పిల్లకు తెలియడానికి ఆ వేలి కొన చాలు. ఆ సంగతి ఆవిడకేం తెలుసు? చదువుకున్నదాన్ని, చూసుకోవాల్సింది నేను. ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, ముట్టుకోకుండా చేతులు చాచి నిలబడ్డాను.

గువ్వ కళ్ళు మూసింది. చాపచుట్టలా వచ్చి నా చేతుల్లో పడింది. మళ్ళీ నిలబెట్టాను, మళ్ళీ పడింది.

"ఇంకొన్నాళ్ళు చేయిస్తే వస్తుందామ్మా?"

"రాదండీ. చెవిలో ఏమీ మిగల్లేదు. కళ్ళతో, కాళ్ళతో నెట్టుకురావాలి. ఈతకు మాత్రం పంపకండి. నీళ్ళలో మునిగితే పైకి ఎటో దానికి తెలియదు."

మామ్మగారు, "మీరు చూడకుండా ఉంటే బాగుండేదమ్మా" అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

గువ్వ దిమ్మ దిగలేదు. "మామ్మని వెనకాల నిలబెట్టి ఇంకోసారి పెట్టండి మేడం. అలా అయితే నాకొచ్చు."

కాదనలేకపోయాను. మామ్మగారు లేచి వెళ్ళి వెనకాల నిలబడ్డారు. గువ్వ కళ్ళు మూసుకుంది. కదల్లేదు. నేను చప్పట్లు కొట్టాను.

"నేనెన్నాళ్ళుంటానమ్మా" అన్నారు మామ్మగారు, వీపు మీది వేలు తియ్యకుండానే.