మూలమట్టానికి వేలెడు తక్కువ

వడ్రంగి మేస్త్రీకి కుడి మోకాలి కీలు తీసేసి లోహపు కీలు బిగించారు. కుట్లు మానాయి, వాపు తీసింది, చేతికర్రతో వార్డంతా తిరుగుతున్నాడు. ఇక ఒక్కటే మిగిలింది. మంచం అంచున కూర్చుని కాలు కిందికి వేలాడేస్తే మోకాలు, చెక్క మూల సరిచూసే మూలమట్టంలా, సరిగ్గా లంబంగా వంగాలి. వంగిన రోజున ఇంటికి పంపేస్తారు.

అది వంగుతుంది. దుప్పటి చాటున వంచి చూసుకున్నాడు. కానీ వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చేసరికి వేలెడు తక్కువలో ఆపేసి పళ్లు కరుచుకునేవాడు.

భార్య పోయాక ఆ ఇంట్లో చప్పుడు చేసేది రంపమొక్కటే. ఇక్కడైతే పక్క మంచం మీద బస్సు డ్రైవరున్నాడు. పేగు మెలిపడితే పొట్ట కోసి సరిచేశారు. పేగులు కదిలి గాలి పోతేగానీ గుక్కెడు నీళ్లు కూడా ఇవ్వకూడదన్నారు.

"హారన్ మోగిందా?" అని పొద్దున్నే అడిగేవాడు మేస్త్రీ.

"ఎక్కడ? బండింకా స్టాండులోనే ఉంది. నవ్వించకు మేస్త్రీ, కుట్లు లాగేస్తున్నాయి."

సాయంత్రం డ్రైవరు భార్య వచ్చేదాకా తడి దూది అతని పెదాలకి అద్దే పని మేస్త్రీదే. నర్సు అప్పగించింది. తనతో ఒకరికి పనిబడి ఎన్నాళ్లయిందో.

"నువ్వెళ్లిపోయినా నేనొచ్చి చూస్తాలే. కుర్చీ వేస్తావా?" అన్నాడు డ్రైవరు.

"మా ఇంట్లో కుర్చీ లేదు."

"ఊరందరికీ చేసిపెట్టిన మనిషివి!"

"నేల మీద కూర్చుని పనిచేసేవాణ్ణి. నాకెందుకది?"

"ఇకమీదట నేల మీద కూర్చోకూడదన్నారుగా. చేసిపెట్టు. చేతులుండాలి సుమా, పొట్ట కోసినవాణ్ణి."

మర్నాడు ఆ అమ్మాయి మోకాలికి కొలబద్ద ఆనించి, చాలాసేపు దానివంకే చూసింది.

"బాబాయ్, బిగుసుకున్న మోకాలు ఒకరోజు కాస్త ఎక్కువ వంగుతుంది, ఒకరోజు తక్కువ. మీది రోజూ గీత గీసినట్టు ఒక్కచోటే ఆగుతోంది."

మేస్త్రీ తల దించుకున్నాడు. బతుకంతా కొలత తప్పని కన్ను, తప్పాల్సిన చోట కూడా తప్పలేదు. కాలు వదిలేశాడు. మోకాలు మూలమట్టంలా కుదిరింది.

"నొప్పని అబద్ధమెందుకు చెప్పారు?"

"నొప్పని నేనెప్పుడన్నానమ్మా? పళ్లు కరుచుకున్నానంతే."

ఆ అమ్మాయి నవ్వలేదు. "ఇంట్లో ఎవరున్నారు బాబాయ్?"

"తాళముంది."

"మంచం కోసం బయట జనం కాచుకునున్నారు," అంది మెల్లగా.

అప్పుడే పక్క మంచం మీద హారన్ మోగింది. వార్డంతా గొల్లున నవ్వింది. "రైట్ రైట్," అన్నాడు డ్రైవరు, పొట్ట పట్టుకుని. నర్సు గ్లాసూ చెంచా తెచ్చింది. డ్రైవరు పెదాలకని అప్పుడే తడిపి తీసుకున్న దూది మేస్త్రీ చేతిలో తడి ఆరకుండా అలాగే ఉండిపోయింది. కాసేపటికి చెత్తబుట్టలో వేసి సంచీ సర్దుకున్నాడు.

ఇంటికొచ్చాక కిటికీ తెరిచి, పనిబల్లకి ఆనుకుని నిలబడి, చెక్క తీశాడు. తన మోకాలి ఎత్తుకి కొలిచి కోయడం మొదలెట్టాడు. ఎనిమిది కాళ్లు కోశాక గానీ ఆగలేదు.

డ్రైవరు ఇల్లెక్కడో తను అడగలేదు. తన ఇల్లెక్కడో అతనూ అడగలేదు.

రంపం పక్కన పెట్టి చాలాసేపు వీధివైపు చూశాడు. తర్వాత, చేతులుండాలన్నాడు కదా అని, వాటికి సరిపోయే చెక్క వెతకబోయాడు.