కరెంటు పోయినా పోని నంబరు

కోలారు టమాటా మార్కెట్‌లో గోవిందప్ప మండీకి వచ్చే బండ్లకు టోకెన్లిచ్చే వెబ్ పేజీని దీపశ్రీ తయారుచేసింది. కంప్యూటర్ చదువు ముగించాక ఆమె చేసిన మొదటి పని అది. రైతు ఫోన్‌లో బటన్ నొక్కితే తర్వాతి నంబరు వస్తుంది. ఆ వరసలోనే సరుకు దించుతారు. మండీ గదిలోని కంప్యూటరే ఆ పేజీకి సర్వర్.

మొదటి వారమే కరెంటు పోయింది. సర్వర్ ఆగి, మళ్ళీ లేచింది. నంబర్లు తిరిగి ఒకటి నుంచి మొదలయ్యాయి. ఆవని ఊరి నుంచి పొద్దున్నే సరుకు తెచ్చిన రైతు తాయమ్మ ఫోన్‌లో ఉన్న నంబరే, ఆలస్యంగా వచ్చిన నాగేశ్‌కూ వచ్చింది. ఇద్దరి బండ్లూ గేటు దగ్గర ఇరుక్కున్నాయి. వెనకాల హారన్లు.

"ఇది మనకు సరిపడదు. ఇంగ ఎప్పట్లా నోటి మాటతోనే దించుకుందాం" అన్నాడు గోవిందప్ప.

దీపశ్రీ తల వంచుకుంది. తాయమ్మ బండి దిగి వచ్చింది.

"నాగేశా, నేను ముందొచ్చింది నువ్వు చూసినావు. నా ఎనకాల దించుకో." నాగేశ్ సరేనని బండి వెనక్కి తీశాడు. ఆమె గోవిందప్ప వైపు తిరిగింది. "అప్పా, నోటి మాటంటే అరిసేవాళ్ళదే ముందు. ఆడమనిషిని, ఎన్నితూర్లు ఎనక్కి పడినానో నీకి తెల్దా? ఈ నంబరొచ్చినాకే బండిలో నిమ్మళంగా కూచుంటాండాను. ఆ పాపకి రొంత టైమియ్యి."

గోవిందప్ప ఒప్పుకున్నాడు.

దీపశ్రీ తప్పు వెతికింది. ప్రోగ్రాం నడుస్తున్నంతసేపే నంబరు మెమరీలో ఉంటోంది. ప్రోగ్రాం ఆగితే అదీ పోతోంది. ఆమె ప్రతి నంబరునూ డిస్క్ మీది డేటాబేస్‌లో రాయించింది. ఇద్దరు ఒకేసారి నొక్కినా ఒకే నంబరు రాకుండా, ఒకరి నంబరు రాసేదాకా రెండోవారు ఆగేలా చేసింది. తర్వాత గోవిందప్ప ఎదుటే కంప్యూటర్ ప్లగ్ పీకి, మళ్ళీ పెట్టింది. ఆగిన చోటి నుంచే తర్వాతి నంబరు వచ్చింది. గోవిందప్ప తనే ఇంకోసారి పీకి చూసి, నవ్వాడు.

తాయమ్మ మళ్ళీ సరుకు తెచ్చిన రోజున దీపశ్రీ ఆమె బండి దగ్గరికి వెళ్ళింది.

"అక్కా, ఆ పొద్దు నువ్వు మాట్లాడకుంటే నేను ఈ పనే ఇడిసిపెట్టేసి ఉందును."

"మేలు చేసింది నువ్వు. నేను చెప్పాల్సిన మాట నువ్వు చెప్తాండావే" అంది తాయమ్మ. టమాటా పెట్టె ఒకటి జరిపి చోటిచ్చింది. "రా, కూచో."

దీపశ్రీ ఎక్కి కూచుంది. గేటు దగ్గర తాయమ్మ నంబరును పిలిచారు. ఆమెకంటే ముందు దీపశ్రీయే చెయ్యెత్తింది.