అర మనిషి దగ్గర

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఏంటంటే, పాప పెద్దదై పుస్తకం పట్టుకొచ్చి ఇదేంటమ్మా అంటే మీ నాన్ననడుగు అనాల్సి వస్తుందేమోనని, జ్వరాలూ పడిపోవడాలూ అన్నీ దాని తర్వాతే, మా అమ్మ నాతో అలాగే అనేది, అని చేతిలో గిన్నెని ఇంకాస్త గట్టిగా తోమేది, ఆ తోమడంలో ఏముందో నాకు ఇప్పుడు తెలుస్తోంది, పాప పడుకుంది, నిద్రలోనూ పాలు తాగుతున్నట్టు పెదాలాడిస్తోంది, నా ఎడమ చెయ్యి దాని తల కింద ఇరుక్కుపోయింది, కదిపానంటే లేస్తుంది, ప్రస్తుతానికి నాదంటూ ఉన్నది ఈ కుడి బొటనవేలొక్కటే, నా బ్లాగంతా ఆ వేలు రాసిందే, అమ్మకి నడుం పడిపోయిన ఏడు బడి మానేశాను, తర్వాత చూద్దాంలే అన్నారు, తర్వాత పెళ్లయింది, తర్వాత ఇదిగో ఇది పుట్టింది, ఇప్పుడు పదో తరగతి పరీక్ష ఇంట్లోంచే చదువుకుని రాస్తానంటే ఆయన నవ్వలేదు, అదొక్కటి మెచ్చుకోవాలి, రాయి, కాకపోతే నన్ను లెక్కలు మాత్రం అడక్కు అన్నాడు, అంటే రేపు పాపకి నాన్ననడుగు అనే దారి కూడా లేదన్నమాట.

చదువుకుంటూ బ్లాగు రాసేవాళ్ళకి సలహాలిచ్చే వాళ్ళందరిదీ ఒకటే పాట, ఏదో ఒక్కటి పట్టుకో, పట్టుకున్నది వదలకు, నాకేం తెలుసని పట్టుకోను, తెలియనిది మాత్రం ఇంటి నిండా ఉంది, సరే అదే రాద్దాం అనుకున్నాను, పేరు కూడా అదే పెట్టాను, అర్థం కాని చోటు, పాఠం చెప్పను, చెప్పడానికి వస్తే కదా, ఏ వాక్యం దాకా వచ్చాను, ఏ వాక్యం దగ్గర కాలు జారింది, అంతే, ఆరుని అరతో భాగిస్తే పన్నెండు ఎలా వస్తుంది, భాగిస్తే తగ్గాలి కదా, ఆరు రొట్టెలు ముగ్గురికి పంచగలను, ఒక్కరికీ పంచగలను, అర మనిషిని ఎక్కడినుంచి తేను అని రాస్తే, కింద మూలబెంచి అనే పేరుతో ఒకమ్మాయి, అక్కా మా సూపర్‌వైజర్ ఉన్నాడు, అచ్చంగా అర మనిషే, పంపించనా అంది, నవ్వాపుకోలేక నోట్లో చీర కొంగు కుక్కుకున్నాను, పాప లేస్తుందని, ఎంతకాలమైందో అలా నవ్వి, తను బట్టలు కుట్టే చోట చొక్కాలకి గుండీలు వేస్తుందట, తనూ మధ్యలో మానేసిందేనట, అక్కా నేనూ అక్కడే ఆగాను, ఏం రాసినా ఇదే మాట, రెండో వాక్యం దగ్గరా అంటే కాదక్కా మూడో దాని దగ్గర, నువ్వు నాకంటే ముందే పడ్డావ్ అని వెక్కిరింపు, దాని వెక్కిరింపు కోసం పొద్దున లేవగానే పాప పక్కగుడ్డ కంటే ముందు ఫోన్ చూసేదాన్ని.

వదిన, ఆయన అక్క, బ్యూటీపార్లర్ ఆవిడది, ఎవర్ని చూసినా ఏం మార్చాలో ఠక్కున చెప్పేస్తుంది, నా బ్లాగు మొహం చూసి కూడా చెప్పింది, ఏంటే ఇది, నాకు రాదు నాకు రాదు అని ఊరంతా టముకు వేసుకుంటావా, ఇంత ముద్దొచ్చే పిల్లని ఒళ్ళో పెట్టుకుని, దానికి స్నానం ఎలా పోస్తున్నావో రాయి, జనం ఎగబడతారు, రాశాను, ఎగబడ్డారు, ఎంతమందో, నీళ్ళ వేడి మోచేత్తో చూడాలా మణికట్టుతో చూడాలా అని పోట్లాడుకున్నారు కూడా, నాకు బాగుంది, అబద్ధం ఎందుకు, తెలిసిన మనిషిలా ఉండటం బాగుంది, ఇంకొకటి రాశాను, ఇంకొకటి, చూశావా అంది వదిన, ఇప్పుడు ఆ ఏడుపు పేరు తీసెయ్, బ్లాగు చిరునామా కూడా మార్చెయ్, పాపాయి స్నానం అని పెట్టు, బొటనవేలితో రెండుసార్లు నొక్కితే మారిపోయింది, ఇంత తేలికా అనుకున్నాను.

ఇందాక, పాపని పడుకోబెట్టి, స్నానాల గోల మధ్య వెతుకుతూ పోతుంటే అడుగున మూలబెంచి రాసింది ఉంది, చిరునామా మార్చడానికి ముందు రోజుది, అంటే మూడు రోజుల కిందటిది, అక్కా పరీక్షకి పేరివ్వాలా వద్దా, ఈ వారంతో గడువైపోతుంది, అరతో భాగించేది నీకు అర్థమైతే చెప్పు, అర్థం కాకపోయినా చెప్పు, నువ్వు పేరిస్తున్నావంటే నేనూ ఇస్తా, అంతే, నేను పేరిచ్చేశాను, నువ్వూ ఇచ్చెయ్ అని వెంటనే జవాబు రాశాను, చప్పుడు లేదు, అప్పుడు తట్టింది, పాత చిరునామా కొట్టి చూశాను, నా గుండె కొట్టుకోవడం పాప తలకి తెలిసిందేమో కదిలింది, ఈ పేజీ లేదు, తెల్ల తెర, మధ్యలో ఆ ఒక్క ముక్క, పని దగ్గర అందరూ వాడే కంప్యూటర్లో చూస్తానంది, ఆ చిరునామానే గుర్తుపెట్టుకుని ఉంటుంది, అడిగిన మర్నాడు వచ్చి ఉంటుంది, ఈ పేజీ లేదు, మళ్ళీ వచ్చి ఉంటుంది, పాత చిరునామా ఇంకెవరూ తీసుకోలేదు, తిరిగి పెట్టేశాను, పాత పేరూ పెట్టేశాను, వదిన తిడితే తిట్టనీ, కానీ మూసిన తలుపు చూసి వెళ్ళిపోయిన మనిషి అది తెరుచుకుందని ఎలా తెలుసుకుంటుంది.

బడి మీద బెంగ అనుకున్నాను ఇన్నాళ్ళూ, సుద్దముక్క వాసన, కిటికీ పక్క వరస, కాదు, లెక్కల టీచర్ నన్ను లేపి నిలబెడితే నాకు రాలేదు, పక్కదాన్ని లేపితే దానికీ రాలేదు, ఇద్దరం నిలబడ్డాం, మోచేతులు తగులుతూ, నవ్వు బిగబట్టుకుని, ఆ కాస్తే నాకు కావలసింది, నేను పట్టుకోవలసింది లెక్కలూ కాదు స్నానాలూ కాదు, నా పక్కన నిలబడ్డ మనిషిని, స్నానాల కోసం వచ్చినవాళ్ళు మీరు ఇంతమంది ఉన్నారు, మీ పక్క మిషన్ దగ్గరో, మీ వీధి చివరి కుట్టుపని షెడ్డులోనో, మాటకి ముందు వెక్కిరింపు వచ్చే ఒకమ్మాయి గుండీలు వేస్తూ ఉంటే, ఒక్కసారి వెళ్ళి చూడండి, పరీక్షకి పేరిచ్చావా అని అడగండి, గడువు ఇంకా దాటలేదు, నేనిచ్చానని చెప్పండి, అరతో భాగించేది అక్కకీ ఇంకా రాలేదట అని చెప్పండి, చాలు.