రాగిబిందె నీళ్లు

ఆళ్లగడ్డలో బస్సెక్కిన దగ్గరనుంచి దానమ్మ ఆ మట్టికుండను ఒడిలోంచి దించలేదు. కుండ మూతికి తడిపిన చీరపేలిక కట్టి ఉంది. లోపల పిడికెడు నాచు, దాన్ని కరుచుకుని నలభై దాకా చిట్టిరొయ్యలు. గాజుపెంకుల్లాంటివి. తదేకంగా చూస్తే తప్ప నీళ్లలో ఉన్నాయనే తెలియదు. తెల్లవారుతూనే తమ్ముడు యాకోబు మోకాటిలోతు కాలువలో దిగి, గంపను నాచు కిందనుంచి ఎత్తి పట్టి ఇచ్చినవి. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా ఆమె మడమలెత్తి, కుండ అదరకుండా కాసుకుంటోంది. కుండ కింద పెట్టమన్నాడు కండక్టరు. ఆమె చూసిన చూపుకు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ చూపులో ఉన్న కోపం ఆ పొద్దు పుట్టింది కాదు. నంద్యాల బడిలో ఆయాగా చేరి పంతొమ్మిదేళ్లు. పాణ్యం దగ్గర రాళ్లు కొట్టే చోట మొగుడు పోయిన ఏడాది చేరింది, అప్పటికి ఇరవైమూడేళ్ల మనిషి. గదులు ఊడ్చింది, గంట కొట్టింది, జ్వరమొచ్చిన పిల్లల్ని భుజాన వేసుకుని ఇళ్లకు చేర్చింది. ఎనిమిది గదుల తాళంచెవుల గుత్తి దోపుకుని తిరిగీ తిరిగీ నడుము దగ్గర చర్మం నల్లగా కాయ కాసింది. ఇంతా చేసి ఆమె ఇంకా తాత్కాలికమే. పర్మినెంటుకు రాస్తామన్న పెద్దసార్లు ముగ్గురు, ముగ్గురూ బదిలీ మీద వెళ్లిపోయారు. ఇప్పటి హెడ్‌మిస్ట్రెస్ అరుణకుమారి నిజంగానే కాగితం రాసి పెట్టింది. ఈరోజు పదకొండింటికి కర్నూలునుంచి అధికారి వస్తాడు. కొత్తగా పెట్టిన గాజుతొట్టి చూసి మెచ్చుకుంటాడు. ఆ సంతోషంలో ఉండగానే సంతకం పెట్టించాలి. అందుకే దానమ్మ ఒడిలో ఆ కుండ అంత భద్రంగా ఉంది.

తొట్టి కొన్నది సైన్సు సారు సుందరరాజు. పాతికేళ్లవాడు, చెడ్డవాడు కాడు గాని తొందర ఎక్కువ. తొట్టిని తొట్టిగా చేసింది మాత్రం దానమ్మ. కుందూ ఏటి ఇసుక ఏడుసార్లు కడిగి పరిచింది. నీటిమొక్కలు తెచ్చి ఒక్కో వేరూ చూపుడువేలితో ఇసుకలోకి గుచ్చింది. మొక్క వేరు పట్టాలి, నీళ్లు పాతబడాలి, పదిరోజుల దాకా రొయ్యను వేయొద్దని ఆమే చెప్పింది. ఆమె తండ్రి ఏసయ్య రొయ్యలు పట్టి బతికిన మనిషి. ప్రాణమున్న రొయ్యను కొత్తనీళ్లకు మార్చాలంటే, కుండపైన డబ్బాలో ఆ కొత్తనీళ్లు పెట్టి, నూలువత్తి వేలాడదీసి, చుక్కచుక్కగా కలిపేవాడు. పూటంతా పట్టేది. ఒకసారి ఎవరింటి పెళ్లికో రాగిగుండిగలో రొయ్యలు పోసి పంపితే, ఊరు చేరేలోపల అన్నీ వెల్లకిలా తేలాయి. ఆ తర్వాత చచ్చేదాకా ఆయన రొయ్య ఉన్న చోటికి రాగిచెంబును కూడా రానివ్వలేదు.

సైన్సుగదిలో అడుగు పెట్టగానే దానమ్మ కాళ్లు ఆగిపోయాయి. గచ్చుమీద గుండ్రటి తడిమచ్చలు. గోడవారన రాగిబిందెలు మూడు, చింతపండు వేసి తోమినవి, ఎర్రగా మెరుస్తున్నాయి. తొట్టిలో నీళ్లు ఆమె వదిలిపెట్టి వెళ్లినవి కావు.

సుందరరాజు సంబరంగా చెప్పుకొచ్చాడు. నిన్న సాయంత్రం నీళ్లు పచ్చబడినట్టు కనిపించాయట. అధికారి ఏమనుకుంటాడోనని మొత్తం తోడేసి, అరుణకుమారి ఇంట్లో రాగిబిందెల్లో నిలవబెట్టిన నీళ్లు మోయించి పోశాడట. ఆ ఇంట్లో తాగేవి ఆ నీళ్లేనట, అంతకంటే శుద్ధమైనవి నంద్యాలలోనే దొరకవట. అరుణకుమారి గుమ్మంలో నిలబడి, కాస్త గర్వంగానే వింటోంది.

"ఈ నీళ్లల్లో రొయ్య బతకదు సార్," అంది దానమ్మ. "రాగి దానికి పడదు. తోడేద్దాం. బావినీళ్లు నేను మోస్తా."

"రాగిలో పురుగులు చస్తాయి దానమ్మా. అది సైన్సు."

"పురుగులు చస్తాయని మీరే చెప్తాండారు. మరి రొయ్య ఏంది సార్, ఏనుగా?"

అరుణకుమారికి నవ్వొచ్చింది, ఆపుకుంది. సుందరరాజుకు రాలేదు. గడియారం చూసుకున్నాడు. పదిన్నర. దానమ్మ వినిపించుకోకుండా కుండను కిటికీలో పెట్టి, డబ్బాలో బావినీళ్లు పట్టుకొచ్చి, చీరచెంగు నుంచి నూలుపోగులు లాగి వత్తి పేనుతోంది. ఇంక లాభం లేదనుకుని ఆయనే కుండ అందుకుని తొట్టిలోకి వంచాడు. ఆమె రెండు చేతులా పట్టి లాక్కునేలోపల సగం రొయ్యలు జారిపోయాయి.

అధికారి రానే వచ్చాడు. తొట్టిలో రొయ్యలు ఆ కొసనుంచి ఈ కొసకు బాణాల్లా దూసుకుపోతున్నాయి. ఎంత హుషారుగా ఉన్నాయో అని ఆయన ముచ్చటపడ్డాడు. తలుపు దగ్గర దానమ్మ నిలబడి ఉంది. అది హుషారు కాదని ఆ గదిలో తెలిసింది ఆమె ఒక్కతెకే. మొక్కల్ని చూసి, వరసగా ఎంత బాగా నాటారని ఆయన మెచ్చుకుంటుండగానే ఒక రొయ్య పక్కకు ఒరిగింది. ఇంకొకటి ఇసుకమీద వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంది. తర్వాత నాలుగు. ఏమైంది వీటికి అని అడిగాడు అధికారి.

సుందరరాజు ముందుకొచ్చాడు. ఆయా ఆళ్లగడ్డనుంచి బస్సులో తెచ్చిందని, దారిలోనే దెబ్బతిన్నట్టున్నాయని చెప్పాడు. దానమ్మ అరుణకుమారి వైపు చూసింది. అరుణకుమారి బిందెల వైపు చూసింది, చూపు తిప్పుకుంది.

"చదువులేని మనిషి సార్, ఏం చేస్తాం," అంది మెల్లగా.

దానమ్మ అరవలేదు.

"చదువు లేదమ్మా. కండ్లుండాయి. ఆ నీళ్లు ఎవరింటివో మీ నోటితో మీరే చెప్పండి. నేను చెప్పను."

అధికారి రుమాలుతో చేతులు తుడుచుకుని టీకి లేచాడు. కాగితం వచ్చేసారి చూద్దామన్నాడట.

వాళ్లు వెళ్లాక దానమ్మ టీ జల్లెడతో చచ్చిన రొయ్యల్ని ఏరింది. పెరట్లో మందారం మొదలు దగ్గర గుంత తీసి కప్పింది. చేతులు కడుక్కుని కాసేపు కిటికీ దగ్గర పనేదో చేసుకుంది. ఒంటిగంటకు అన్నం గంట కొట్టింది, ఒక్క క్షణం అటూ ఇటూ కాకుండా.

రెండింటి గంట మాత్రం మోగలేదు. పిల్లలకు పండగైంది. ఎండ గోడ దిగేదాకా ఆడుకున్నారు. మూడవుతుండగా అరుణకుమారి అనుమానం వచ్చి లేచింది. గంట సుత్తి దాని చోట అది ఉంది. తాళంచెవుల గుత్తి మేకుకు వేలాడుతోంది. దానమ్మ ఎక్కిన ఆళ్లగడ్డ బస్సు వెళ్లి గంటయిందని గేటు దగ్గర జామపండ్ల రహమత్‌బీ చెప్పింది. ఎందుకు పోయిందని మాత్రం ఎవరూ అడగలేదు.

అరుణకుమారి సైన్సుగదికి వెళ్లింది. తొట్టి ఖాళీగా, బోర్లించి ఉంది. పీకిన మొక్కలు తడిగోనె కింద ఉన్నాయి. కిటికీలో మట్టికుండ, దానిపైన రెండు పుల్లల మీద నిలబెట్టిన డబ్బా. మిగిలిన రొయ్యలు నాచు పట్టుకుని మీసాలు ఆడిస్తున్నాయి. వాటిమీదికి, పాతచీర నూలువత్తి కొసనుంచి, బావినీళ్లు చుక్కచుక్కగా ఇంకా పడుతూనే ఉన్నాయి.