నేరీనా ముక్కు మీద ఎరుపు

ఆస్ట్రేలియా చెరకు సీమలో హెర్బర్ట్ నది వరద చర్చి మెట్లు మూడు మింగింది... ఆ వరద మరుసటి ఏడు.

బురద వాసన ఇంకా పోలేదు. చెరకు చాళ్ళలో ఎండ పడితే చాలు — చచ్చిన చేప కంపు.

ఆ కంపులోంచే ముసలి ఎత్తోరె తన కూతురు నేరీనాను ట్రక్కులో టౌన్స్‌విల్‌కు, చర్మం డాక్టరు దగ్గరికి తీసుకొచ్చాడు.

ఆమె ముక్కుకు మందు పూశారు. వెలుతురు తగలకుండా రేకు కప్పారు. మూడు గంటలు కూర్చోబెట్టారు.

మంచి కణంలో ఆ మందు అంతగా నిలవదట. క్యాన్సర్ కణంలో పేరుకుంటుందట. నీలి దీపం వేస్తే పేరుకున్న చోటు ఎర్రగా వెలుగుతుందట.

ఎత్తోరె నమ్మలేదు. ముక్కు మీద ఏముందని? ఉన్న పొక్కును ఈస్టరు నాడు తనే గీకేశాడు కదా.

వాళ్ళ ఊళ్ళో చెరకు రైతులు ఎండ పొక్కుకు డాక్టరు గడప తొక్కరు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఎత్తోరె వరండాకు వస్తారు. మొహం ఎత్తి కూర్చుంటారు. జేబుకత్తి. చుక్క ద్రాక్షసారా. ఒక్క గీకు.

“ఎత్తోరె చెయ్యి పడితే మళ్ళీ రాదు,” అంటారు.

మళ్ళీ రాదు...

తలుపు మూశారు. దీపం వేశారు.

నీలి చీకటి.

ఆ చీకట్లో కూతురి ముక్కు మీద — ఎరుపు.

పైన నున్నటి చర్మం. కింద నిప్పు. కాల్చిన చెరకు తోటలో బూడిద కింద కణకణలాడే నిప్పు. ముక్కురెక్క దాకా పాకింది. కంటి వైపు ఒక పాయ.

అందంగా ఉంది.

అదే రోత.



“ఎవరు గీకారిది?” డాక్టరమ్మ అడిగింది. “పైన మూసుకుపోయింది. కింద పాకుతూనే ఉంది. అప్పుడే వచ్చుంటే చిన్న ముక్కతో పోయేది. ఇప్పుడు ముక్కు సగం తియ్యాలేమో.”

“మా ఇంటి వైద్యుడే,” అంది నేరీనా. “ఫీజు అరగ్లాసు సారా. అదీ ఆయనే తాగుతాడు.”

తండ్రి వైపు తిరిగింది.

“అలా చూడకు నాన్నా. ముక్కేగా.”

ఎత్తోరె తన చేతిని చూసుకున్నాడు. ఆ నీలి వెలుగులో గోళ్ళు శవం గోళ్ళలా తెల్లగా ఉన్నాయి. ఎన్ని మొహాలు పట్టుకుందో ఈ చెయ్యి! థూ.

ఊళ్ళో రెమో చెంప. పియెరో పెదవి. రెమో వాళ్ళన్న మెడ... తొమ్మిది మంది. తొమ్మిది నున్నటి చర్మాలు.

ఇంటికొచ్చి చేతులు కడిగాడు. మళ్ళీ కడిగాడు. కంపు పోలేదు. పొలానిదో, తనదో.

మర్నాడు తెల్లారగానే రెమో ఇంటి ముందు ట్రక్కు ఆపాడు.

రెమో వరండాలో కాఫీ తాగుతున్నాడు. చూసి మురిసిపోయాడు.

“ఏంట్రా, ఆదివారం దాకా ఆగలేకపోయావా? మంచిపని చేశావు. చెంప మళ్ళీ గరుకెక్కుతోంది.”

కప్పు పక్కన పెట్టాడు. మొహం ఎత్తాడు. కళ్ళు మూసుకున్నాడు.

ఎత్తోరె రోజుకు పది మాటలు మాట్లాడని మనిషి.

“నేను తీసెయ్యలేదురా. మూత పెట్టాను. లే... ట్రక్కెక్కు, డాక్టరు దగ్గరికి.”

రెమో వేళాకోళం అనుకున్నాడు. కళ్ళు తెరవలేదు. నవ్వుతూనే ఉన్నాడు. చెంప చూపిస్తూనే ఉన్నాడు —

దాని మీద ఎండ పడింది.