మకారానికి ఒత్తు

మా పెళ్ళయి ఇరవై మూడు రోజులైంది. అలెగ్జాండ్రియాలో, నాలుగో అంతస్తులో, రెండు గదుల ఇల్లు. కిటికీలోంచి సముద్రం కనిపించదని అద్దె తగ్గించారు. నేనూ, మా ఆయన హాతిమ్ ఇద్దరం పుట్టుకతోనే చూపు లేనివాళ్ళం. ఇంత లాభసాటి బేరం ఈ ఊళ్ళో ఇంకెవరికీ కుదిరి ఉండదు.

సాయంత్రం హాతిమ్ తాళంచెవి రెండుసార్లు తప్పి మూడోసారి సరిగ్గా పడుతుంది. ఆ రెండు తప్పులూ నా కోసమే చేస్తాడని నా నమ్మకం. వంటింటి నుంచి రెండో గది దాకా మేజోళ్ళతో నున్నటి గచ్చు మీద జారుకుంటూ వెళ్ళడం మా ఆట. ఆ గదిలో ఒక్క సామానూ లేదు. అదే దాని అందం.

మా అత్తగారు దౌలత్‌కి మాత్రం ఆ ఖాళీ గది చూస్తే నిద్రపట్టదు. “ఇద్దరికీ కళ్ళు లేవు, గ్యాసు ఎవరు చూసుకుంటారే?” అని ఆవిడ దిగులు. తన చెల్లెలు ఇఖ్లాస్‌ని శాశ్వతంగా మా దగ్గర పెట్టాలని పంతం పట్టారు. చివరికి ఒక రాజీ కుదిరింది. అక్కచెల్లెళ్ళిద్దరూ శుక్రవారం భోజనానికి వస్తారు. అంతా సవ్యంగా ఉంటే సరి. లేకపోతే ఇఖ్లాస్ పిన్ని పెట్టె ఆ గదిలో దిగుతుంది.

“భయం లేదు నజ్లా, మనకి మాస్టారున్నాడుగా,” అన్నాడు హాతిమ్.

మాస్టారంటే మా మాట్లాడే కళ్ళజోడు. వికలాంగుల సంఘంవాళ్ళు పెళ్ళికానుకగా ఇచ్చారు. ఉపన్యాసాలయ్యాయి, ఫోటోలు తీశారు. ఫోటోలు చాలా బాగా వచ్చాయని మాకు చెప్పారు. కళ్ళజోడు పెట్టుకుంటే ఎదురుగా ఉన్నది చెబుతుంది, ఫోనుకి వచ్చిన సందేశాలు చదువుతుంది. అయితే ఇంట్లో ఎవరూ మాట్లాడని పుస్తకాల భాషలో. మొదటిరోజు నేను పెట్టుకుంటే, “మీ యెదుట నొక పురుషుడు కలడు. అతడు నవ్వుచున్నాడు” అంది. ఆ పురుషుడు ఇంకా గట్టిగా నవ్వాడు. ఆనాటి నుంచి దానికి ఫసీహ్ మాస్టారని పేరు పెట్టాం. ఫసీహ్ అంటే మహావక్త.

మాస్టారు రాకముందు చుట్టాలందరూ ఫోనులో గొంతు పంపేవారు. అత్తగారి కోపం, దగ్గు, వెనకాల కుక్కరు ఈల, అన్నీ వినిపించేవి. మాస్టారు వచ్చాక, “పాపం, వాళ్ళకి చదివే యంత్రం వచ్చింది కదా” అని అందరూ రాయడం మొదలుపెట్టారు. మాకు సాయం వచ్చిన దగ్గర్నుంచి మాతో మాట్లాడేవాళ్ళు లేకుండా పోయారు.

బుధవారం కాపలాదారు ఒక సంచి ఇచ్చి, “మీ అత్తగారు పంపారు” అన్నాడు. చేత్తో తడిమితే తెలిసేది. కానీ సంఘంవాళ్ళు అన్నిటికీ కళ్ళజోడే వాడమన్నారు కదా! దాన్ని పెట్టుకుని సంచి వైపు తిరిగాను.

“మీ యెదుట నొక నల్లని సంచి కలదు,” అన్నాడు మాస్టారు.

చల్లగా ఉంది కాబట్టి కోడి అయి ఉంటుందని ఐసుపెట్టెలో పడేశాం.

గురువారం పొద్దున అత్తగారి సందేశం వచ్చింది. మాస్టారు గంభీరంగా చదివాడు: “రేపు వచ్చుచున్నాము. హమ్మామును చక్కగా కడుగుము. ఉప్పును నిమ్మపండును చేర్చి రుద్దుము. లోపలి భాగము మరువకుము. వాసన పోవలయును.”

హమ్మామంటే స్నానాలగది. నా చెవులు వేడెక్కాయి. “మన స్నానాలగది కంపు కొడుతోందిట!”

“అమ్మ అలా అనదే,” అన్నాడు హాతిమ్.

“అంది. మాస్టారు అబద్ధమాడతాడా?”

రెండు కిలోల నిమ్మకాయలు తెప్పించాను. ఉప్పుతో స్నానపు తొట్టి రుద్దాను, గోడలు రుద్దాను, కుళాయిల మెడలు రుద్దాను. హాతిమ్ నేల మీద బోర్లా పడుకుని నీళ్ళు పోయే గొట్టంలో నిమ్మచెక్కలు కుక్కాడు. సాయంత్రానికి ఇల్లంతా నిమ్మతోట. కోపం పోయి, ఆ వాసనలో మేమిద్దరం తొట్టి అంచు మీద కూర్చుని టీ తాగాం.

శుక్రవారం ప్రార్థన కాగానే వచ్చారు. మెట్ల మీద చక్రాల పెట్టె దబదబలు ముందు వినిపించాయి. ఇఖ్లాస్ పిన్ని సామానుతోనే వచ్చేసింది.

అత్తగారు నా బుగ్గలు ముద్దు పెట్టుకుని, గాలి పీల్చి, “వాసనేం రావట్లేదేం? హమామ్ ఏదే?” అన్నారు.

“వాసన రాకూడదనే కదా కడిగాను! రండి అత్తయ్యా, చూసుకోండి.” గర్వంగా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి స్నానాలగది తలుపు తీశాను.

అత్తగారి అడుగులు తొట్టి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాయి.

“ఇక్కడికెందుకు తెచ్చావే? పావురాలెక్కడ?”

“పావురాలేంటి?”

అప్పుడు అర్థమైంది. హమామ్ అంటే పావురాలు. హమ్మామంటే స్నానాలగది. నోటితో అంటే మకారానికి ఒత్తు తెలుస్తుంది; ఇందాక ఆవిడ ఒత్తు లేకుండానే అన్నా, నా చెవుల్లో మాస్టారి మాటే ఉండిపోయింది. మా అరబ్బీ రాతలో ఆ ఒత్తు ఎవరూ పెట్టరు, చదివేవాళ్ళే వేసుకోవాలి. మాస్టారు వేసుకున్నాడు.

“కొత్తజంట తినాలని ఆరు లేత పావురాలు పంపితే గోడలకి నిమ్మకాయ రుద్దావా తల్లీ!”

ఇఖ్లాస్ పిన్ని పెట్టె రెండో గది వైపు కదిలింది. “అక్కా, నేను ముందే అన్నానా? వీళ్ళకి తోడు ఉండాల్సిందే.”

ఆ చక్రాలు నా నున్నటి గచ్చు మీద దొర్లుతుంటే గుండెలో గీత పడ్డట్టయింది. “ఆగండి పిన్నీ,” అన్నాను. “రెండు గంటలు టైమివ్వండి. పావురాలు బల్ల మీదకి రాకపోతే మంచం నేనే వేస్తాను.”

ఐసుపెట్టెలో పావురాలు రాళ్ళలా ఉన్నాయి. వంటింటి తొట్టి చిన్నది. ఇంట్లో అన్నిటికన్నా పెద్దదీ, అన్నిటికన్నా శుభ్రమైనదీ ఒకటే. చల్లనీళ్ళు నింపి ఆరింటినీ స్నానపు తొట్టిలో వదిలాను.

“హమ్మాములో హమామ్,” అన్నాడు హాతిమ్. “మాస్టారు చెప్పింది పూర్తిగా తప్పేం కాదులే.”

అత్తగారు నవ్వాపుకోవడం నాకు వినిపించింది.

గోధుమనూక, ఉల్లిపాయ, మిరియాలు కలిపాను. అసలు పని అప్పుడు మొదలైంది. తోలు చిరగకుండా కిందకి వేలు పోనిచ్చి నూక కూరాలి. ఇఖ్లాస్ పిన్ని, “ఇటివ్వు, నీకు కనబడదు” అని మొదటిది లాక్కుంది. చర్రుమని చప్పుడైంది.

“చిరిగిందా?” అన్నాను.

“తోలు పలచగా ఉంది!”

మిగతా ఐదూ నేనే కూరాను. వేలి కింద తోలు ఎక్కడ వదులుగా ఉందో, ఎక్కడ పట్టుకుందో తెలుస్తూనే ఉంటుంది. ఉడికించి నేతిలో వేయించి బల్ల మీద పెట్టాను. అత్తగారు ఒక పావురాన్ని నూకతో సహా నమిలి, ఎముకలు చప్పరించి, వేళ్ళు కూడా నాకారు.

“ఇఖ్లాస్, ఆ సందేశం నేను కళ్ళద్దాలు లేకుండా రాశానే,” అన్నారు. “అద్దాలు ఎక్కడ పెట్టానో పది రోజులుగా కనబడట్లేదు. ఇంట్లో ఒక మనిషి తోడు కావాల్సింది నాకే. నీ పెట్టె తీసుకుని మా ఇంటికి పద.”

“మరి వీళ్ళో?”

“వీళ్ళకేమే? నీకన్నా నయం. ఒక్కటీ చించలేదు.”

గుమ్మంలో నా చెవి పట్టుకుని, “ఇకమీద గొంతే పంపుతాను, వింటావా? హ-మా-మ్,” అని విడమర్చి పలికి వెళ్ళారు. చక్రాల పెట్టె నాలుగంతస్తులూ దిగింది. ప్రతి మెట్టూ విన్నాం. వీధి తలుపు మూసుకుంది.

హాతిమ్ కళ్ళజోడు పెట్టుకుని రెండో గది గుమ్మంలో నిలబడ్డాడు. “మాస్టారూ, ఎదురుగా ఏముంది?”

“మీ యెదుట నెవ్వరును లేరు,” అన్నాడు మాస్టారు.

ఆ పూట మాస్టారు మాట్లాడిన భాష నాకు మొదటిసారి చాలా అందంగా వినిపించింది. చెప్పులు విడిచి, మేజోళ్ళతో జారాను.