అంటుకుపోయిన ఆకులు

నేను ఒక తాళపత్ర గ్రంథాన్ని. పేరు ఘనంగా ఉందని మురిసిపోకండి, మా ఊళ్ళో నన్ను తాటాకుల కట్ట అనేవారు. ముందే ఒక సంగతి చెప్పేస్తాను. నా మీద ఏం రాసి ఉందో నాకు తెలియదు. నవ్వకండి, మీ వీపు మీద ఏముందో మీకు తెలుసా? ఎవరైనా పైకి చదివితేనే నా కథ నేను వింటాను.

పచ్చి ఆకుల్ని ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, నున్నగా రుద్ది, గంటంతో గీశారు. గీస్తున్నప్పుడు నొప్పి తెలిసింది గానీ అర్థం తెలియలేదు. ఆ తర్వాత నన్ను ఉంచుకున్న ఇంటివాళ్ళు ఏటా సరస్వతీ పూజనాడు పసుపూ కుంకుమా పెట్టి, ఆ రోజు పుస్తకం చదవకూడదని దండం పెట్టుకుని, మళ్ళీ అటకెక్కించేవారు. మిగిలిన రోజుల్లో ఎందుకు చదవలేదో ఆ సరస్వతికే తెలియాలి. అటక కింద పొయ్యి ఉండేది కనుక పొగకి పురుగు పట్టలేదు, అదొక్కటే వాళ్ళు చేసిన మేలు. ఇల్లమ్ముకుంటూ నన్నొక పెద్దమనిషికి ఇచ్చేశారు. ఆయన దాతల పలక మీద తన పేరు చూసుకోవాలన్న సరదాతో జాతీయ గ్రంథాలయానికి దానం చేశాడు. అలా ఒక పరాయి నగరంలో, ఇనుప బీరువాలో పడ్డాను.

అక్కడ తెలుగు విభాగం చూసే తారకేశ్వరి ఒకరోజు నా దారం విప్పింది. ఇంకో ప్రతి ఎక్కడా లేదని తేలాక నకలు రాయడానికి కూర్చుంది. పైకి చదువుతూ రాయడం ఆమె అలవాటు. ఇన్ని తరాలకి నేనెవరినో అప్పుడు తెలిసింది. నేనొక ఆడమనిషి పాటనట. మశూచి ఊళ్ళు తుడిచిపెట్టిన ఏడాది ఉప్పు బండి తోలుకెళ్ళిన మొగుడు తిరిగి రాకపోతే, ఆవిడ ఊరూరా వెతుక్కుంటూ నడిచిందట.

ఎదురుబల్ల దగ్గర పోలినాయుడు కూర్చునేవాడు. శ్రీకాకుళం వైపు మనిషి, పాత గ్రంథాలు బాగుచెయ్యడం ఆయన ఉద్యోగం. ఆమె చదివిన ఆకులకి నిమ్మగడ్డి నూనె రాస్తూ వినేవాడు. సాయంత్రం నన్ను గుడ్డలో చుట్టేటప్పుడు రోజూ ఒకటే ప్రశ్న.

"ఏటి తల్లీ, ఆయమ్మ మొగుడు దొరికినాడా?"

"ఇంకా లేదు బాబాయ్. సగమైనా కాలేదు కదా."

"సివరాకు ముందే సూసెయ్యరాదా?"

"తప్పు. ఆవిడ అంత దూరం నడిచింది, మనం కూర్చుని వినలేమా?"

నాకు మాత్రం ఆ చివరాకు మీదే ప్రాణం ఉండేది. ఒక్కసారి తిప్పి చదివితే ఈమె సొమ్మేం పోతుందని లోలోపల తిట్టుకునేదాన్ని.

అంతలో కరోనా వచ్చింది. తిరిగొచ్చిన పుస్తకాల్ని మనుషుల్లాగే విడిగా గదిలో పెట్టి, తాకొద్దన్నారు. తర్వాత అందర్నీ ఇంటికి పొమ్మన్నారు. తారకేశ్వరి వెళ్ళిపోయింది. మందు చల్లేవాళ్ళు యంత్రాలు వీపున తగిలించుకుని వచ్చి బల్లల్నీ, కుర్చీల్నీ, గోడ గడియారాన్నీ తడిపేస్తుంటే పోలినాయుడు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. అప్పుడే నాకు నూనె రాసి ఉన్నాడు. ఆ తడి నీడన ఆరాకే గుడ్డ చుట్టాలి. ఆ కంగారులో నిదానించి ఆలోచించే తీరిక ఎక్కడిది? ప్లాస్టిక్ కవర్లు తెచ్చి, ఒకదాని మీద ఒకటి తొడిగి, గాలి చొరకుండా టేపు వేసి బిగించాడు.

"ఆ మందునీల్లు పడితే నీ అచ్చరాలు పోతాయి. నాలుగు రోజులు ఓర్సుకో," అని నాతోనే చెప్పి బీరువా మూశాడు.

నాలుగు రోజులా! వేసవి పోయింది, వానలు వచ్చాయి. ఖర్చు తగ్గించాలని ఏసీలు ఆపేశారు. గ్రంథాలయం మూతపడిందని ఎవరూ ఒప్పుకోలేదు లెండి. ఇళ్ళ నుంచే ఉపన్యాసాలిచ్చారు, రేపటి తరాల కోసం మాస్కులూ గోడపత్రికలూ సేకరించమని ఉత్తర్వులు పంపారు. కొత్తవి కూడబెట్టే హడావిడిలో బీరువా తెరిచి చూసేవాడు లేకపోయాడు. నా నూనె లోపలే ముక్కిపోయింది. బూజు ఒక ఆకు మీంచి ఇంకో ఆకుకి పాకింది. ఉక్కపోసి, ఊపిరాడక, ఆకుకి ఆకు అతుక్కుపోతుంటే నేను ఎవర్ని పిలవను?

తలుపులు తెరిచిన నాడు తారకేశ్వరి ఒక్కతే వచ్చింది. పోలినాయుడు ఆస్పత్రిలో చేరి, తిరిగి రాలేదు. ఆమె కవరు కోసి ముక్కు మూసుకుంది. వెదురు పుల్లతో ఆకుల మధ్య సందు వెతికింది, ఆవిరి పట్టింది. పైపొర ఊడి అక్షరాలతో సహా పుల్లకంటుకుని వచ్చింది. చదివిన ఆకులు పోతే పోయాయి, వాటికి నకలుంది. చదవనివన్నీ ఒక్క దిమ్మ అయిపోయాయి.

"ఎంత పని చేశావు బాబాయ్," అని బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. తిట్టడానికి ఆయన లేడు.

కొన్నాళ్ళకి పోలినాయుడి భార్య సన్యాసమ్మ వచ్చింది, ఆయన సొరుగులో మిగిలిన కళ్ళజోడూ కుంచెలూ తీసుకుపోదామని. తారకేశ్వరి గబుక్కున నా మీద గుడ్డ కప్పింది.

"ఆస్పత్రి నుంచి ఫోన్లో ఒకటే గోల తల్లీ, ఆ తాటాకు పొత్తం ఎలాగున్నాదో కనుక్కోమని. బాగున్నాదా?"

"బాగుంది పిన్నీ. బాబాయ్ కట్టబట్టే దక్కింది."

"మరి ఆయమ్మ మొగుడు?"

తారకేశ్వరి నా మీద గుడ్డ అంచులు సర్దింది. "దొరికాడు."

"బతికే ఉన్నాడేటి?"

"బతికే ఉన్నాడు. ఇద్దరూ ఇంటికి వెళ్ళిపోయారు."

సన్యాసమ్మ కళ్ళజోడు కొంగుతో తుడిచి ఒళ్ళో పెట్టుకుంది. "పోన్లే తల్లీ," అంది, "ఆలిద్దరైనా ఇంటికెల్లినారు."

గుడ్డ కింద నేనూ విన్నాను. ఇక నాకు ఎవరైనా చెప్పే ముగింపు అదొక్కటే. నమ్ముదామని ఎంతో చూశాను, నమ్మలేకపోతున్నాను.